తేలని ఆర్డర్లు: గోడౌన్ పెండింగ్ జాబితాలో అసలేముంటుంది?

విజయవాడ ఆటోనగర్‌లో లారీ విడిభాగాలు హోల్‌సేల్‌గా అమ్మే ఒక మోస్తరు గోడౌన్‌ను తీసుకుందాం. బేరింగులు, క్లచ్ ప్లేట్లు, బ్రేక్ లైనింగులు, ఫిల్టర్లు, ఫ్యాన్ బెల్టులు, కింగ్ పిన్ సెట్లు, ఇలా వేల రకాలు. ఏలూరు, గుడివాడ, మచిలీపట్నం, జగ్గయ్యపేట, అటు ఖమ్మం, సూర్యాపేట షాపులవాళ్లు ఆర్డర్లు పెడుతుంటారు. కొన్ని లైన్ మీద తిరిగే సేల్స్‌మన్ రాసుకొస్తాడు, కొన్ని వాట్సాప్‌లో చీటీ ఫొటోగా వస్తాయి, కొన్ని ఫోన్లో చెబుతారు. అన్నీ కంప్యూటర్లో సేల్స్ ఆర్డర్లుగా ఎక్కుతాయి. ఉన్న సరుకు ఆ సాయంత్రమో మర్నాడో ట్రాన్స్‌పోర్టుకు వెళ్తుంది. లేనిది పెండింగ్‌లో ఉండిపోతుంది.

రోజులు గడిచేకొద్దీ ఆ పెండింగ్ పెరుగుతుందే గానీ తరగదు. పొద్దున వచ్చిన ఆర్డర్లను సాయంత్రానికి బండెక్కించే హడావుడిలో పాత జాబితా వంక చూసే తీరిక ఎవరికీ ఉండదు. పైగా దానివల్ల నష్టమున్నట్టు కనపడదు. సరుకు పోలేదు, డబ్బు పోలేదు, ఉన్నదల్లా కంప్యూటర్లో ఒక వరుస. చేతినిండా ఆర్డర్లున్నాయని దాన్ని చూసి ధైర్యపడే యజమానులు కూడా ఉన్నారు. నా మటుకు నేను ఏ గోడౌన్ పరిస్థితి తెలుసుకోవాలన్నా ముందు అడిగేది ఈ జాబితానే. తేలని ఆర్డరు ఊరికే పడి ఉండదు. స్టాకును పట్టేసుకుంటుంది, కొనుగోలు లెక్కను మార్చేస్తుంది, ఉన్న సరుకును లేదని చెప్పిస్తుంది. ఎలాగో ఒక్క ఐటం మీద లెక్క వేసి చూద్దాం.

ఒక బేరింగు లెక్క

మన దగ్గర చాలామంది వాడే లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీ కాబట్టి దాని రిపోర్టునే తీసుకుందాం. అందులో 'రీఆర్డర్ స్టేటస్' అని ఒకటుంది. ప్రతి ఐటంకూ చేతిలో ఉన్న స్టాకు తీసుకుని, కంపెనీ నుంచి రావలసింది కలిపి, కస్టమర్లకు ఇవ్వాల్సిన ఆర్డర్లు తీసేసి, నికరంగా మిగిలేదెంతో చూపిస్తుంది. ఆ మిగులు మనం పెట్టుకున్న కనీస మట్టం కంటే తగ్గితే ఎంత తక్కువైందో పక్కనే చెబుతుంది.

ఒక రకం వీల్ బేరింగు అనుకుందాం. స్టాకు 60. కంపెనీ నుంచి ఇంకా రావలసినవి 40. కస్టమర్ల పెండింగ్ 85. నికరంగా మిగిలేది 15. కనీస మట్టం 50 కాబట్టి 35 తక్కువని రిపోర్టు చూపిస్తుంది. కొనుగోళ్లు చూసే అబ్బాయి ఆ 35కూ ఆర్డరు పెట్టేస్తాడు. అతని తప్పేమీ లేదు, రిపోర్టు చెప్పిందే చేశాడు.

ఇప్పుడు ఆ 85ను విప్పి చూద్దాం. అందులో 30 రెండు వారాల కిందటే గుడివాడ వెళ్లిపోయాయి. బిల్లు కూడా అయింది, ఆర్డరు మాత్రం మూసుకోలేదు. ఇంకో 20 ఒక షాపు రెండు నెలల కిందట అడిగినవి. ఆ షాపు అవసరం ఎప్పుడో వేరేచోట తీరిపోయింది. నిజంగా ఇవ్వాల్సినవి 35 మాత్రమే. అప్పుడు మిగులు 65, కొనాల్సిన పనే లేదు. ఒక్కో బేరింగు 900 రూపాయలనుకుంటే 31,500 రూపాయలు అనవసరంగా ర్యాకులోకి వెళ్లాయి. ఇది ఒక్క ఐటంలో. ఇలాంటివి వంద ఐటంలుంటే బ్యాంకు ఓడీ (ఓవర్‌డ్రాఫ్ట్ అప్పు) వడ్డీ ఎందుకు పెరుగుతోందో వేరే వెతుక్కోనక్కర్లేదు.

రెండో దెబ్బ అమ్మకాల వైపు తగులుతుంది. అదే రోజు జగ్గయ్యపేట నుంచి పది బేరింగులు కావాలని ఫోన్ వచ్చిందనుకోండి. బిల్లింగులో కూర్చున్నవాళ్లు స్క్రీన్ చూస్తే స్టాకు 60, ఇవ్వాల్సినవి 85. "లేవండీ, వచ్చేవారం చూద్దాం" అంటారు. ర్యాకులో మాత్రం 25 బేరింగులు ఏ కస్టమరుకూ సంబంధం లేకుండా ఖాళీగా ఉన్నాయి. ఆ షాపతను ఫోన్ పెట్టేసి పక్క గోడౌన్‌కు కొడతాడు. చచ్చిపోయిన ఆ యాభై బేరింగుల పెండింగ్ వల్ల అక్కర్లేని సరుకు కొన్నాం, అడిగిన మనిషికి ఉన్న సరుకు ఇవ్వలేకపోయాం.

జాబితాను నమ్మవచ్చా?

ఏ గోడౌన్‌లోనైనా పది నిమిషాల్లో వేసుకోగల లెక్క ఒకటుంది. క్యూల గురించిన ఒక సూత్రాన్ని జాన్ లిటిల్ అనే ఆయన 1961లో గణితపరంగా నిరూపించాడు. వ్యవస్థలో సగటున ఎన్ని ఉన్నాయో, రోజుకు ఎన్ని వస్తున్నాయో, ఒక్కోటి లోపల సగటున ఎన్ని రోజులు ఉంటుందో, ఈ మూడింటికీ విడదీయలేని సంబంధం ఉంది. రోజుకు వచ్చేవాటిని లోపల ఉండే రోజులతో గుణిస్తే లోపల ఉన్నవాటి లెక్క వస్తుంది.

రోజుకు 40 ఆర్డర్లు వచ్చే గోడౌన్ యజమానిని ఆర్డరు ఎన్ని రోజుల్లో పోతుందని అడిగితే "రెండు రోజులండీ" అంటాడు. అంటే తెరిచి ఉన్న ఆర్డర్లు 80 దాకా ఉండాలి. కంప్యూటర్ తెరిస్తే 600 కనిపిస్తాయి. ఆ లెక్కన ఒక్కో ఆర్డరు సగటున పదిహేను రోజులు లోపల కూర్చుంటోంది. యజమాని అబద్ధమాడటం లేదు. ఆయన కళ్లముందు కదిలే ఆర్డర్లు నిజంగానే రెండు రోజుల్లో పోతున్నాయి. మిగతా ఐదొందల పైచిలుకు అసలు కదలడమే లేదు. జాబితాలో ఎంత భాగం సజీవమో, ఎంత భాగం పేరుకుపోయిన చెత్తో ఈ తేడాయే చెబుతుంది.

అసలు పెండింగ్ అనేదే ఉండకూడదని కొందరు పట్టుబడతారు. అది కుదరని పని. ఏ ఐటం అయినా నూటికి 95 సార్లు స్టాకులో ఉండేలా చూసుకుంటున్నామనుకోండి, అది మంచి గోడౌనే. కానీ పది ఐటంలున్న ఆర్డరు మొత్తం ఒకేసారి పోవాలంటే ఆ పదీ ఉండాలి. 0.95ను పదిసార్లు గుణించుకుంటూ వెళ్తే వచ్చేది సుమారు 0.60. పది ఆర్డర్లలో నాలుగు ఏదో ఒక ఐటం తక్కువతోనే వెళ్తాయి. ఇరవై ఐటంల ఆర్డరయితే పూర్తిగా పోయే అవకాశం 36 శాతమే. కాబట్టి పెండింగ్ పుట్టడం ఎవరి అలసత్వం వల్లా కాదు. పుట్టినదాన్ని ఎవరూ తేల్చకపోవడంతోనే సమస్య.

విప్పితే కనిపించేవి

పాత పెండింగ్ జాబితాను కూర్చుని ఒక్కో వరుసా చదివితే, అన్నిటికీ ఒకటే పేరున్నా జబ్బులు వేరువేరని తెలుస్తుంది.

సరుకు వెళ్లిపోయినా మూసుకోని ఆర్డర్లు ముందు కనిపిస్తాయి. ఇవి మన దగ్గర చాలా ఎక్కువ. టాలీలో బిల్లు కొట్టేటప్పుడు ఐటం ఎంచుకోగానే అది ఏ ఆర్డరు తాలూకుదో అడిగే చోటు వస్తుంది. అక్కడ ఆర్డరు నంబరు ఎంచుకుంటేనే ఆ ఆర్డరులోంచి అంత సరుకు తగ్గుతుంది. సాయంత్రం ఆరున్నర, ట్రాన్స్‌పోర్ట్ ఆటో బయట హారన్ కొడుతోంది, హమాలీలు పెట్టెలు కట్టేశారు. బిల్లింగులో ఉన్నమ్మాయి ఆ చోట ఎంటర్ కొట్టి ముందుకు వెళ్లిపోతుంది. బిల్లు సరిగ్గానే వస్తుంది, స్టాకు తగ్గుతుంది, పార్టీ (ఆ కస్టమరు) ఖాతాలో బాకీ ఎక్కుతుంది. ఆర్డరు మాత్రం అలాగే నిలబడి ఉంటుంది. వారం తర్వాత ఎవరో దాన్ని చూసి మళ్లీ సరుకు పంపిస్తే అప్పుడు తెలుస్తుంది. లెక్కల్లో ఎక్కడా తేడా రాదు కాబట్టే ఈ రకం ఏళ్లతరబడి దొరక్కుండా ఉంటుంది. పెండింగ్‌లో ఉన్న పార్టీ, ఐటం తీసుకుని, ఆర్డరు తేదీ తర్వాత అదే పార్టీకి అదే ఐటం బిల్లయిందేమో చూడటం ఒక్కటే మార్గం. మొదటిసారి శుభ్రం చేసేటప్పుడు ఈ పనికి ఒక మనిషిని పూర్తిగా కూర్చోబెట్టడం దండగ కాదు.

తర్వాతది పార్టు నంబరు మారిన సరుకు. వాహనాల కంపెనీలు విడిభాగాన్ని కాస్త మార్చినప్పుడల్లా పాత నంబరు తీసేసి కొత్త నంబరు ఇస్తుంటాయి. మెకానిక్‌కు గుర్తున్నది పాతదే, షాపతను రాసేది పాతదే. ఆర్డరు పాత నంబరు మీద నెలలుగా నిలిచి ఉంటుంది. పాత నంబరులో స్టాకు సున్నా, ఇక ఎప్పటికీ సున్నానే. కొత్త నంబరులో పన్నెండు పీసులు మూడో ర్యాకులో ఉంటాయి. ఈ రెండింటినీ కలపగలిగేది కౌంటర్లో చాలాకాలంగా ఉన్న మనిషే. అతను పెండింగ్ సమీక్షలో లేకపోతే ఇది తేలదు.

ప్యాకింగ్ మిగులు చిన్నదే గానీ చిరాకు పెడుతుంది. యాభై అడిగారు, డబ్బాకు పన్నెండు, నాలుగు డబ్బాలు వెళ్లాయి. ఆ రెండూ ఎప్పటికీ పోవు, ఎవరూ అడగరు. సెట్లలో ఆర్డరు రాసి విడి పీసుల్లో బిల్లు కొట్టినప్పుడూ ఇలాంటి తోకలే మిగులుతాయి. వీటికి చర్చ అక్కర్లేదు, చూసిన వెంటనే కొట్టేయవచ్చు.

కంప్యూటర్లో స్టాకు ఉంటుంది, ఆర్డరూ ఉంటుంది, అయినా సరుకు పోదు. నేను జాబితాలో ముందు చూసేవి ఇవే. గోడౌన్ ఇన్‌ఛార్జిని తీసుకుని ర్యాకు దగ్గరికి వెళ్తే అసలు సంగతి బయటపడుతుంది. వేరే ర్యాకులో పెట్టేసి ఉంటారు, డబ్బా చిరిగి తుప్పు పట్టిన సరుకై ఉంటుంది, లేదంటే ఎప్పుడో శాంపిల్ కింద ఇచ్చి రాయడం మర్చిపోయి ఉంటారు. ఏడాదికోసారి చేసే స్టాకు తనిఖీ కంటే ముందే తప్పు ఎక్కడుందో ఈ వరుసలు వేలుపెట్టి చూపిస్తాయి. అలా పట్టుకున్న ప్రతి తేడానూ అప్పటికప్పుడే స్టాకులో సరిచేయాలి. లేకపోతే రేపు ఇంకో ఆర్డరు అక్కడే ఇరుక్కుంటుంది.

బాకీ వల్ల ఆగిన ఆర్డర్లది వేరే కథ. సరుకు ఉంది, కస్టమరుకు కావాలి, కానీ పాత బిల్లులు గడువు దాటాయి, అకౌంట్స్‌వాళ్లు ఆపారు. సేల్స్‌మన్ ఏమో తను పార్టీకి మాటిచ్చానంటాడు. ఎవరి పక్షంలో వాళ్లు నిలబడితే ఆర్డరు మధ్యలో నలుగుతుంది, స్టాకు దానికింద ఇరుక్కుంటుంది. ఈ తగాదాకు తేదీయే మందు. "శుక్రవారంలోగా పాతది ఇంత కడితే ఇంత సరుకు వదులుతాం, లేదంటే ఆ సరుకు వేరేవాళ్లకు ఇస్తాం" అని పార్టీకి నేరుగా చెప్పాలి. సగం బాకీ కట్టినవాడికి సగం సరుకు వదలడంలో తప్పేమీ లేదు. ఏమీ చెప్పకుండా నెలపాటు ఆపడం మాత్రం కస్టమరును అవమానించడమే. తన ఆర్డరు ఎందుకు రాలేదో అతనికి తెలియదు, బాకీ కట్టాలన్న తొందరా కలగదు.

చివరగా, నెలాఖరు ఆర్డర్లు. టార్గెట్ లెక్క ఆర్డరు రాసిన రోజున పడితే 28 నుంచి 31వ తేదీ మధ్య ఆర్డర్లు ఉబ్బుతాయి. మార్చి ఆఖర్లో ఇంకా ఎక్కువ. పార్టీ "సరే రాసుకో, తర్వాత చూద్దాం" అని ఉంటాడు. అది ఆర్డరు కాదు, మొహమాటం. సేల్స్‌మన్‌ను తిట్టి లాభం లేదు. ఇన్సెంటివ్‌ను బిల్లయిన సరుకు మీద లెక్కేస్తే ఈ రకం పుట్టడమే ఆగిపోతుంది.

పాత ఆర్డరు, కొత్త పన్ను

పాత ఆర్డర్ల వల్ల వచ్చే చిక్కు ఎంత దూరం పోతుందో 2025 సెప్టెంబరు బాగా చూపించింది. ఆగస్టు 15న జీఎస్టీ తగ్గుతుందన్న ప్రకటన వచ్చింది. సెప్టెంబరు 3న జీఎస్టీ కౌన్సిల్ నిర్ణయించింది, 22 నుంచి కొత్త రేట్లు అమల్లోకి వచ్చాయి. అప్పటిదాకా క్లచ్ ప్లేట్లలాంటి చాలా వాహన విడిభాగాల మీద 28 శాతం ఉన్నది 18కి దిగింది. మధ్యలో ఉన్న ఆ అయిదారు వారాలు షాపులవాళ్లు సరుకు దించుకోవడానికి సహజంగానే వెనకాడారు. ఆర్డర్లు రాసి ఉన్నాయి, "ఇప్పుడు పంపకండి" అన్నారు.

చట్టం ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. పన్ను రేటు మారాక సరుకు వెళ్లి, బిల్లు కూడా మారాకే వేస్తే కొత్త రేటే పడుతుంది, డబ్బు ముందే అందినా సరే. ఆర్డరు ఏ తేదీన రాశారన్నది పన్నుకు పట్టదు. అయితే మన వ్యాపారాల్లో చాలా ఆర్డర్లు పన్నుతో కలిపిన రేటుకు రాసుకుంటారు. ఆగస్టులో 1,280 అని రాసిన క్లచ్ ప్లేటు అసలు ధర 1,000 అయితే, సెప్టెంబరు 22 తర్వాత అది 1,180కి పోవాలి. పాత ఆర్డరు తెరిచి అందులోని రేటుకే బిల్లు కొడితే కస్టమరుకు వంద రూపాయలు అన్యాయం. పన్ను తగ్గిన మేలు కొనేవాడికి అందాల్సిందే. జాబితాను వారం వారం చూసుకుంటున్నవాళ్లకు అప్పుడు సరిచేయాల్సినవి పదుల్లో ఉంటాయి. చూసుకోనివాళ్లు వందల వరుసల్లో రేటు వెతుక్కోవాల్సి వచ్చింది. కంపెనీ ధరల పట్టీ మారిన ప్రతిసారీ ఇదే చిక్కు చిన్న మోతాదులో వస్తుంది.

ఎన్నాళ్లు ఉంచాలి?

"ముప్ఫై రోజులు దాటితే కొట్టేయండి" అనే నియమం వినడానికి బాగుంటుంది. నాకు మాత్రం అది నచ్చదు. ఫ్యాన్ బెల్టు కోసం లారీ రోడ్డు పక్కన ఆగి ఉంటే షాపతను గంట కూడా ఆగడు, ఎదురుగా ఉన్న షాపులో తీసుకుని మెకానిక్‌కు ఇచ్చేస్తాడు. ఆ బెల్టు పెండింగ్ మర్నాటికే చచ్చిపోయినట్టు లెక్క. అదే ఒక పాత మోడల్ బండి గేర్‌బాక్స్ భాగమైతే, ఎక్కడా దొరకదు కాబట్టి నెలన్నర అయినా ఎదురుచూస్తాడు. ఖమ్మం యార్డుకు మిర్చి దిగే సీజన్ కోసమని ముందుగా పెట్టిన బ్రేక్ లైనింగుల ఆర్డరు ఇంకో తీరు. సీజనుకు ముందు అందితే బంగారం, అయిపోయాక అందితే అతనికి ఏడాది స్టాకు. కాబట్టి గడువు రోజుల మీద కాకుండా సరుకు రకం మీద పెట్టాలి. చురుగ్గా కదిలేవాటికి మూడు నాలుగు రోజులు, తెప్పించి ఇచ్చేవాటికి కంపెనీ చెప్పిన తేదీ దాటి వారం, సీజను సరుకుకు సీజను మొదలయ్యే తేదీ.

1930 నాటి సరుకుల విక్రయ చట్టం కూడా ఇక్కడ గుర్తుపెట్టుకోదగ్గది. పంపే బాధ్యత అమ్మేవాడిదై, గడువు చెప్పుకోకపోతే సహేతుకమైన సమయంలో పంపాలని 36వ సెక్షన్ అంటుంది. ఒప్పుకున్నదానికంటే తక్కువ వస్తే కొనేవాడు తిప్పి పంపవచ్చని 37, ముందుగా అనుకోకపోతే విడతలవారీగా తీసుకోవాల్సిన పని అతనికి లేదని 38 చెబుతాయి. మన వ్యాపారాల్లో ఇవేవీ కోర్టు దాకా వెళ్లవు. కానీ రెండు నెలల తర్వాత చెప్పాపెట్టకుండా మిగతా సగం పంపిస్తే, షాపతను పార్సిల్ విడిపించుకోకుండా ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులోనే వదిలేస్తే, అతన్ని తప్పుపట్టడానికి మనకు మొహం ఉండదు.

కూర్చుని తేల్చడం

సమీక్ష అంటే పెద్ద మీటింగ్ అక్కర్లేదు. స్టాకు ఉండి పోనివాటిని బిల్లింగు, గోడౌన్ ఇద్దరూ కలిసి రోజూ పొద్దున్నే చూసుకోవాలి. మిగతా పాతవాటిని వారానికోసారి. అప్పుడు గోడౌన్ ఇన్‌ఛార్జి, కొనుగోళ్లు చూసేవారు, వసూళ్లు చూసేవారు, సేల్స్ నుంచి ఒకరు, వీళ్లందరి మాట విని నిర్ణయం చెప్పగల ఒక్క మనిషి ఉంటే చాలు. ఆ ఒక్కరు లేకుండా పెట్టే సమీక్షలు "మళ్లీ చూద్దాం"తో ముగుస్తాయి. ప్రతి వరుసకూ మూడే దారులు: పంపడం, కారణమూ తేదీ రాసి ఆపడం, మూసేయడం. తేదీ లేకుండా ఆపడమన్నది ఒప్పుకోకూడదు. 'కంపెనీ నుంచి రావాలి' అని రాస్తే కుదరదు, మనం కంపెనీకి పెట్టిన ఏ పర్చేజ్ ఆర్డరులో, ఎప్పటికి వస్తుందో రాయాలి. అలాంటి పర్చేజ్ ఆర్డరే పెట్టలేదని అప్పుడు బయటపడుతుంది, చాలాసార్లు.

జాబితాను పాతది మొదలు కొత్తది దాకా వరుసగా చదవడం అలవాటు. అలా చేస్తే ఓపికంతా చచ్చిన ఆర్డర్ల దగ్గరే అయిపోతుంది. ముందు సరుకు ఉండి పోనివి, తర్వాత అడ్వాన్స్ తీసుకున్నవి, తర్వాత పాతవి. అడ్వాన్స్ కట్టినవాడి డబ్బు మన దగ్గర ఉంది, అతని సరుకు మన దగ్గర లేదు. అందుకే పాతవాటికంటే ముందు వాటిని చూడాలి. 2017 నవంబరు 15 నుంచి సరుకుల అడ్వాన్స్ మీద అందుకున్న రోజునే జీఎస్టీ కట్టాల్సిన పని లేకపోవడంతో, ఈ డబ్బు సంగతి గుర్తుచేసే పన్ను గడువు కూడా ఏదీ లేదు. అది ఖాతాలో నిశ్శబ్దంగా పడి ఉంటుంది.

తర్వాత ఫోన్లు. ఎలా అడుగుతామన్న దాన్నిబట్టే జవాబు ఉంటుంది. "మీ ఆర్డరు ఇంకా ఉంచమంటారా?" అంటే దాదాపు అందరూ "ఉంచండి" అనేస్తారు. ఉంచడానికి వాళ్లకు ఖర్చేమీ లేదు, వద్దంటే మనం నొచ్చుకుంటామని మొహమాటం. ఇలా అడగాలి:

"నమస్తే అండీ, మీ క్లచ్ ప్లేట్లు మూడు రేపు సాయంత్రం ట్రాన్స్‌పోర్టుకు వేస్తున్నాం. బిల్లు కొట్టేయమంటారా?"

"అయ్యో వద్దండీ, అవి పోయినవారమే ఇక్కడే తీసేసుకున్నా. లైనింగులు ఉంటే రెండు సెట్లు వెయ్యండి."

బిల్లు మాట వినగానే నిజం బయటికొస్తుంది. పైగా ఒక కొత్త ఆర్డరూ వచ్చింది. పెండింగ్ ఫోన్లను విసుగు పనిగా చూసేవాళ్లు ఈ రెండో సగాన్ని మర్చిపోతారు.

కొరత సరుకు వచ్చిన రోజు ఇంకో పరీక్ష. ఇరవై పీసులొచ్చాయి, అడిగినవాళ్లు యాభైకి ఉన్నారు. అందరినీ సంతోషపెట్టాలని తలా రెండు మూడు పంచేవాళ్లుంటారు. ఫిల్టర్లకు అది పనికొస్తుందేమో గానీ, సెట్టుగా వేయాల్సిన భాగాలకు పనికిరాదు. సగం సెట్టుతో ఏ బండీ కదలదు. పంచిన ప్రతిచోటా మళ్లీ ఒక పెండింగ్ తోక మిగులుతుంది. బండి ఆగిపోయిందని చెప్పినవాళ్లకు, అడ్వాన్స్ ఇచ్చినవాళ్లకు పూర్తిగా ఇవ్వాలి. మిగిలింది ఆర్డరు తేదీ వరుసలో. ఈసారి దక్కనివాళ్లకు ఆ రోజే చెప్పాలి. ఖమ్మం, సూర్యాపేట వైపు వెళ్లేవి చిన్న చిన్న పార్సిళ్లుగా వెళ్తే బాడుగే తినేస్తుంది కాబట్టి, ఆ పార్టీల పెండింగ్‌లను ఒకేచోట చేర్చి ఒకే బండికి వేయడం మేలు. చేర్చాక బిల్లు విలువ 50,000 రూపాయలు దాటితే ఈ-వే బిల్లు (ఆన్‌లైన్‌లో తీసే రవాణా పత్రం) తీయాలి, బండి వివరాలు ఎక్కించిన దగ్గర్నుంచి దానికి 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున చెల్లుబాటు. కాబట్టి సరుకు కట్టి సిద్ధమయ్యాకే బండి వివరాలు ఎక్కించాలి.

మూయడంలో జాగ్రత్త

జాబితా తగ్గించాలన్న ఉత్సాహంలో జరిగే పొరపాట్లు రెండు. మొదటిది, ఆర్డరు తేలిపోయినట్టు కనపడాలని సరుకు కదలకుండానే బిల్లు కొట్టడం. నెలాఖరున ఈ ఆశ ఎక్కువ. ఏడాదికి 5 కోట్లు దాటిన వ్యాపారాలకు 2023 ఆగస్టు 1 నుంచి ఈ-ఇన్వాయిస్, అంటే బిల్లును ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయడం, తప్పనిసరి. ఆ బిల్లును పోర్టల్‌లో రద్దు చేసుకునే వ్యవధి 24 గంటలే. అది దాటితే ఆ బిల్లును వెనక్కి తీసుకున్నట్టు క్రెడిట్ నోటు వేయాలి, పార్టీకి చెప్పాలి, రెండువైపులా రిటర్నుల్లో సర్దుకోవాలి. పెండింగ్‌లో ఒక వరుస తగ్గించుకోబోయి పన్ను లెక్కల్లో నాలుగు వరుసలు పెంచుకున్నట్టవుతుంది.

రెండోది, పాత ఆర్డర్లను ఏకంగా తొలగించేయడం. తొలగిస్తే, అందులో సగం వెళ్లిన సరుకు బిల్లులతో ఉన్న లంకె తెగిపోతుంది. రేపు పార్టీ "నేను అడిగింది ఎంత, మీరిచ్చింది ఎంత" అంటే చూపించడానికేమీ ఉండదు. టాలీలో మిగిలిన సరుకును మాత్రమే 'ప్రీ-క్లోజ్' చేసే వీలుంది, తేదీ, కారణం కూడా రాయవచ్చు. పెద్ద సాఫ్ట్‌వేర్లలో ఆర్డరు వరుసకు తిరస్కరణ కారణం పెట్టే వీలుంటుంది. కారణం రాసేచోట 'ఇతరాలు' అన్న మాట మాత్రం ఉండకూడదు. పార్టీ వేరేచోట కొన్నాడు, రేటు తేడా, కంపెనీ ఆపేసింది, రెండుసార్లు ఎక్కింది, బాకీ తేలలేదు, ఇలా ఐదారు ఖచ్చితమైన కారణాలు చాలు. మూడు నెలలయ్యాక వాటిని కూడి చూస్తే ఏ ఐటంల కనీస మట్టం పెంచాలో, ఏ కంపెనీ ప్రతినిధిని కూర్చోబెట్టి సరఫరా గురించి గట్టిగా అడగాలో, ఏ లైన్‌లో సేల్స్‌మన్ రాతకూ వాస్తవానికీ దూరం పెరుగుతోందో తెలుస్తుంది. అడ్వాన్స్ ఉన్న ఆర్డరును మూసే ముందు ఆ డబ్బు తిరిగి ఇస్తున్నామా, వేరే బిల్లుకు సర్దుతున్నామా అన్నది పార్టీతోనే తేల్చుకోవాలి.

మూసిన రోజునే కస్టమరుకు ఒక వాట్సాప్ మెసేజ్ వెళ్లాలి: ఫలానా తేదీ ఆర్డరులో ఈ మూడు ఐటంలు రద్దు చేస్తున్నాం, కావాలంటే రేపటిలోగా చెప్పండి అని. చాలామంది బొటనవేలు గుర్తు పెట్టి ఊరుకుంటారు. నూటికి కొద్దిమంది వెంటనే ఫోన్ చేసి "అదేంటండీ, నేను దానికోసమే చూస్తున్నా" అంటారు. వాళ్లవే ఇన్నాళ్లూ ఆ వందల వరుసల్లో కలిసిపోయి కనపడకుండా పోయిన అసలు ఆర్డర్లు. వాటిని ఈరోజు తేదీతో, ఈరోజు రేటుతో మళ్లీ ఎక్కించి, కంపెనీకి పెట్టే తర్వాతి ఆర్డరులో మొదట అవే రాయాలి.